కారులో స్టీరియోకు కాపలా



ఈ పూట మీతో చెప్పుకోబోయేది పెద్ద విషయమేమీ కాదు. కారులో పాటలు వినిపించే సెట్టు ఉంటుంది కదా, స్టీరియో అంటాం, దాన్ని దొంగల పాలు కాకుండా చూసుకోవడం ఎలా అన్నదే. బడిలో తెలుగూ సాంఘికశాస్త్రమూ చెప్పుకొనే ఉపాధ్యాయుడికి ఈ గొడవ ఎందుకని మీరు అనుకోవచ్చు. ఒకసారి పోగొట్టుకున్నవాడికి ఆ వస్తువు గురించి కొంత చదువు దానంతటదే అబ్బుతుంది. నాకు బి.ఇడి.లో రాని చదువు అది.

మాది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళం, బస్సెక్కి అత్తిబెలె దాటితే కన్నడం. వింటున్న మీలో బళ్ళారివాళ్ళున్నారు, బరంపురంవాళ్ళున్నారు, సోలాపురంవాళ్ళున్నారు, యానాంవాళ్ళున్నారు. పెళ్ళికనీ, ఆసుపత్రికనీ, బంధువుల ఇంటికనీ ఎల్ల దాటి అటూ ఇటూ తిరిగే బతుకులు మనవి. మన బండ్లు పరాయి ఊళ్ళో, మనకు రాయడం చదవడం రాని భాష నడిచే ఠాణా పరిధిలో నిలబడి ఉండటం ఎక్కువ. ఆ సంగతి తర్వాత వస్తుంది. ముందు మా ఇంటి కథ.

మా నాయన తపాలా శాఖలో పనిచేసి 2003లో రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి పాత మారుతి 800 ఒకటి కొన్నారు. అందులో పాటల సెట్టు లేదు. బెంగుళూరు జె.సి. రోడ్డుకు పోయి క్యాసెట్లు పాడే సెట్టు ఒకటి తెచ్చి బిగించుకున్నాం. దాని ముందు ప్యానెల్ బొత్తాలతో సహా ఊడి చేతికి వచ్చేది. నాయనకు సినిమా పాటల మీద పెద్ద మోజు లేదు. ఆయన సెట్టు పెట్టించుకున్నది ఒకే ఒక్క క్యాసెట్టు కోసం.

ఆ క్యాసెట్టులో మా అవ్వ గొంతు ఉంది. రాగులు విసురుతూ ఆమె పాడే పాటలు, నాట్లప్పటి పాటలు, మా పిల్లలకు చెప్పే కథ ఒకటి. 1994లో ఇంటి వరండాలో కూర్చోబెట్టి రికార్డు చేశాం. బొత్తాం నొక్కింది నేనే, అప్పుడు పదో తరగతిలో ఉన్నాను. మధ్యలో కోడి కూస్తుంది, ఎవరో బిందె దించుతారు, నాయన "ఇంకొకటి పాడమ్మా" అని బతిమాలడం వినిపిస్తుంది. అవ్వకు చదువు రాదు. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. తమిళనాట మూడు నాలుగు తరాలుగా ఉంటున్న మా తెలుగు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే మాకు ఆ అరవై నిమిషాల క్యాసెట్టే దిక్కు. 1997లో ఆమె పోయింది. క్యాసెట్టుకు రెండో కాపీ తీయించాలని ప్రతి సంక్రాంతికీ అనుకునేవాళ్ళం.

2006లో పక్క జిల్లాలో ఒక పెళ్ళికి వెళ్ళాం. బండి నడిపింది నేను. కల్యాణ మంటపం ముందు చోటు లేక పక్క సందులో, ఒక గోడ వారన నిలిపాను. దిగుతుంటే నాయన "ఆ ప్యానెల్ తీసి జేబులో వేసుకో" అన్నారు. ముహూర్తం దగ్గరపడింది, తలంబ్రాలు చూసి వచ్చేద్దాం అన్న తొందరలో నేను వినిపించుకోలేదు. భోజనాలు ముగించుకుని వచ్చేసరికి వెనుక తలుపుకున్న చిన్న అద్దం రబ్బరు బీడింగుతో సహా ఊడి సీటు మీద పడి ఉంది. డ్యాష్‌బోర్డులో సెట్టు ఉండాల్సిన చోట బొక్క, అందులోంచి నాలుగైదు తీగల మొదళ్ళు వేలాడుతున్నాయి. నాయన బండి అద్దం సంగతి అడగలేదు, సెట్టు ఖరీదు సంగతి అడగలేదు. "అమ్మ పాట?" అన్నారు. క్యాసెట్టు సెట్టు లోపలే ఉండిపోయింది.

దొంగకు కావలసింది సెట్టు. క్యాసెట్టును ఏ కాలవలోనో విసిరేసి ఉంటాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కారులో ఇన్ని వస్తువులుండగా దొంగ కన్ను స్టీరియో మీదనే ఎందుకు పడింది? దానికి ఒక కొలత కారణం. జర్మనీవాళ్ళు డిన్ అనే పేరుతో ఒక ప్రమాణం ఏర్పరిచారు. సెట్టు ముఖం వెడల్పు 18 సెంటీమీటర్లు, ఎత్తు 5 సెంటీమీటర్లు. రెట్టింపు రకమైతే ఎత్తు 10. తర్వాత ప్రపంచమంతా ఆ కొలతనే పట్టుకుంది. మనకు దానివల్ల సౌకర్యమే, ఏ కంపెనీ సెట్టయినా ఏ కంపెనీ బండిలోనైనా ఇమిడిపోతుంది. దొంగకూ అదే సౌకర్యం. ఒక బండిలోంచి లాగింది ఇంకే బండికైనా సరిపోతుంది కనుక కొనేవాడి కోసం వెతుక్కోనక్కరలేదు. అదే బండి స్టీరింగు చక్రాన్ని ఎత్తుకుపోయి ఎవరికి అమ్ముతాడు?

ఇది మన దేశానికే వచ్చిన తెగులు కాదు. 1980లలో న్యూయార్కు నగరంలో ఈ దొంగతనాలు ఎంతగా పెరిగాయంటే, జనం కారు అద్దానికి "ఇందులో రేడియో లేదు" అని అట్టముక్క రాసి తగిలించుకునేవారు. అద్దం పగలగొట్టి వెతికే శ్రమ పడవద్దని దొంగకు మనవి చేసుకోవడమన్నమాట. సెట్టు మొత్తాన్ని పిడి పట్టి లాగి సంచిలో వేసుకుపోయే ఏర్పాట్లు కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. దాన్ని మోయలేక కంపెనీలు ముందు ప్యానెల్ ఒక్కటి ఊడివచ్చే పద్ధతి తెచ్చాయి. ప్యానెల్ లేని సెట్టు బొత్తాల్లేని పెట్టె. దాన్ని కొనేవాడుండడు.

అయితే ప్యానెల్ ఊడేలా ఉంటే చాలదు, దాన్ని ఊడదియ్యాలి. ఊడదీసి డ్యాష్‌బోర్డు అరలోనో సీటు కిందో పెట్టడం దాదాపు అక్కడే వదిలేసినట్టు లెక్క. బండిలో దూరినవాడు మొదట చెయ్యి పెట్టేది ఆ రెండు చోట్లే. దానితోపాటు ఇచ్చే చిన్న డబ్బాలో వేసుకుని మనతో తీసుకుపోవాలి. ఆ దొంగతనం తర్వాత నాకు ఈ అలవాటు ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఒకసారి పబ్లిక్ పరీక్షల ఇన్విజిలేషనుకు చొక్కా జేబులో ప్యానెల్ పెట్టుకునే వెళ్ళాను. అదేమిటో నిరూపించుకోవడానికి తనిఖీకి వచ్చినాయన్ని బండి దాకా తీసుకుపోవలసి వచ్చింది.

యానాంలాంటి నీటి తావుల్లో ఉన్నవాళ్ళకు ఇంకొక చిక్కు. తేమకు ప్యానెల్ వెనుక ఉండే చిన్న చిన్న లోహపు ముళ్ళు మకిలిపట్టి, పెట్టినప్పుడల్లా సెట్టు పలకదు. విసుగెత్తి జనం ఊడదీయడమే మానేస్తారు. పొడి గుడ్డతో అప్పుడప్పుడు తుడుచుకుంటే ఆ బాధ తగ్గుతుంది. వేలితో తాకవద్దు, చెమటకు ఇంకా పాడవుతాయి.

ఇక బిగింపు సంగతి. సెట్టు కొన్న దుకాణం ముందే పది నిమిషాల్లో బిగించి పంపేస్తారు. వాళ్ళను తొందరపెట్టకండి. సెట్టు చుట్టూ ఒక రేకు చట్రం ఉంటుంది. దాని నాలుకలను డ్యాష్‌బోర్డు లోపలివైపుకు గట్టిగా మడవాలి. అది కాక సెట్టు వీపున ఒక బోల్టు ఉంటుంది. దానికి చిల్లుల పట్టీ వేసి బండి ఇనుముకు బిగించాలి. చాలామంది ఫిట్టర్లు ఈ రెండో పని చెయ్యరు, చెయ్యి దూరదు కనుక. ఒట్టి చట్రం మీద నిలిచిన సెట్టు రెండు సన్నని రేకుముక్కలు దూరిస్తే జారి ఒళ్ళో పడుతుంది. ఆ రేకులు సెట్టు డబ్బాలోనే ఇస్తారు, రిపేరు కోసం. వాటిని బండిలో ఉంచుకునే మహానుభావులున్నారు! వీపు బోల్టు పడితే సెట్టు ఎప్పటికీ రాదని కాదు, రావడానికి ఇంకొన్ని నిమిషాలు పడుతుంది. సందులో నిలబడ్డ దొంగకు ఆ కొన్ని నిమిషాలే కరువు.

కొన్ని కంపెనీల బండ్లలో సెట్టుకు రహస్య సంఖ్య ఉంటుంది. బ్యాటరీ తీగ ఊడితే సెట్టు మూగబోతుంది, సంఖ్య నొక్కితేగానీ పలకదు. వరసగా తప్పు నొక్కితే ఇంకా బిగుసుకుంటుంది. మంచి ఏర్పాటే. ఆ సంఖ్య ఉన్న కార్డును బండి పుస్తకంతోపాటు బండిలోనే పెట్టకండి. ఇంట్లో బీరువాలో పెట్టండి. పాత బండి కొనేటప్పుడు అమ్మేవాణ్ణి ఆ కార్డు అడిగి తీసుకోండి, లేకపోతే బ్యాటరీ మార్చిన రోజున దొంగకు పట్టాల్సిన గతి మీకు పడుతుంది.

బండి ఎక్కడ నిలుపుతున్నామన్నది వీటన్నిటికన్నా పెద్ద సంగతి. నేను చేసిన తప్పు గోడ వారన నిలపడం. గోడవైపు తలుపు దగ్గర ఎవరు కూర్చుని ఏం చేస్తున్నా వీధిలోవాళ్ళకు కనబడదు. దీపం కిందా, టీ అంగడి ముందూ, మనుషులు మసలే చోటా నిలపాలి. మా హోసూరులో చంద్రచూడేశ్వరుని తేరు రోజున కొండ కింద చోటు దొరక్క ఎక్కడెక్కడో నిలుపుతారు. అలాంటి రోజుల్లో బస్సులో రావడమే నయమని నా అభిప్రాయం, మీరు నవ్వినా సరే. వెనుక అద్దం మీద సెట్టు కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో అంటించుకోవడం కుర్రవాళ్ళకు సరదా. సోలాపురం మగ్గాల పేటల్లోనైనా, బరంపురం బజారులోనైనా, ఆ స్టిక్కరు దొంగకు ఇంటి నంబరులాంటిది. పీకెయ్యండి.

నల్ల ఫిల్ము అంటిస్తే లోపల ఉన్నది కనబడదు కదా అంటారు కొందరు. 2012లో సుప్రీంకోర్టు ఆ నల్ల ఫిల్ములను అడ్డుకుంది. ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు పోవాలన్నది మోటారు వాహనాల నియమం. పైగా నల్లటి అద్దం వెనుక దూరినవాడు కూడా కనబడడు. ఆ లాభం అతనికే ఎక్కువ.

సైరను మోత గురించి రెండు మాటలు. పిల్లి దూకినా, లారీ పోయినా కూసే సైరనును వీధిలో ఎవరూ లెక్కచెయ్యరు. అది ఎంత తాకిడికి కూయాలో తగ్గించుకునే సౌకర్యం ఉంటుంది, ఫిట్టరును అడిగి సరిచేయించుకోండి. లేకపోతే మీ ఇరుగుపొరుగే ఒకరోజు దాని తీగ కోసేస్తారు.

ఇప్పుడు ఠాణా సంగతి. ఆ రోజు పెళ్ళి ఊళ్ళోని ఠాణాకు వెళితే మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న బిల్లు ఉందా అని. లేదు. సెట్టు మీది నంబరు తెలుసా? తెలియదు. ఏ రంగు? నల్లది. సెట్లన్నీ నల్లవే కదా! అక్కడి ఉద్యోగి మా మీద జాలి చూపించారుగానీ, కాగితం మీద ఏం రాసుకోవాలో ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది? నాయన క్యాసెట్టు గురించి కూడా రాయమన్నారు. దాని ఖరీదు ఎంత అని అడిగారు. ఖాళీ క్యాసెట్టు ముప్పై రూపాయలు. అంతే రాసుకున్నారు.

కనుక సెట్టు కొన్ననాడే చేయవలసిన పని ఒకటుంది. దాని సీరియల్ నంబరు పెట్టె పైరేకు మీదో పక్కరేకు మీదో ఉంటుంది. బిగించాక మళ్ళీ కనబడదు. బిగించకముందే ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి, బిల్లుకు కూడా తీసి దాచుకోండి. ఓపిక ఉంటే ఆ రేకు మీద మీ బండి నంబరు మేకుతో గీకించండి. కాగితం స్టిక్కరును చింపెయ్యగలరుగానీ రేకు మీది గీతను చెరిపినా ఆ చెరిపిన గుర్తు ఉండిపోతుంది.

బిల్లుకు ఇప్పుడు ఇంకొక విలువ వచ్చింది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 303వ సెక్షను మామూలు దొంగతనానిది, మూడేళ్ళ వరకు శిక్ష వేయవచ్చు. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయలకు తక్కువైతే అది పోలీసులు తమంతట తాము కేసు పెట్టి దర్యాప్తు చేయదగిన నేరాల్లోకి రాదు. మెజిస్ట్రేటు అనుమతి కావాలి. రవాణా వాహనంలోంచి సామాను దొంగిలించడానికి 305వ సెక్షనులో ఏడేళ్ళ వరకు శిక్ష ఉంది. మీ బండికి ఏది వర్తిస్తుందన్నది పోలీసులూ న్యాయస్థానమూ తేల్చవలసిన విషయం. మీ చేతిలో ఉన్నది ఒక్కటే, సెట్టు ఖరీదు ఇంత అని రుజువు చూపే బిల్లు. పదివేల సెట్టు పోయి బిల్లు లేకపోతే అది నాలుగువేలదని ఎవరన్నా అంటే మీరేం జవాబు చెబుతారు?

ఎల్ల దాటి తిరిగే మనకు ముఖ్యమైనది ఇంకొకటుంది. కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా, అది కేసు పెట్టదగిన నేరమైతే, ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. అత్తిబెలెలో పోయిందని హోసూరులో చెప్పవచ్చు. నోటితో చెబితే అధికారి రాసుకుని, మీకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ప్రతి ఒకటి ఉచితంగా ఇవ్వాలి. ఫోనులోనో కంప్యూటరులోనో పంపితే మూడు రోజుల్లోగా వెళ్ళి సంతకం చేయాలి. తమిళమో కన్నడమో ఒడియానో రాయడం రాదని వెనక్కు తగ్గనక్కరలేదు. మా పల్లెలో ఇలాంటి ఫిర్యాదులు తమిళంలో రాసిపెట్టమని నా దగ్గరకు వస్తారు. రాసిపెడతాను, కానీ చదివి వినిపించమని అడిగే హక్కు మీకుందని కూడా చెప్పి పంపుతాను.

బీమా గురించి త్వరగా చెప్పి ముగిస్తాను, అది చాలామందికి నిద్ర వచ్చే విషయం. కంపెనీ నుంచి బండితోపాటు వచ్చిన సెట్టు బండి విలువలో కలిసే ఉంటుంది. తర్వాత మనం బయట కొని బిగించుకున్నది కలవదు. దాన్ని విడిగా పాలసీలో రాయించాలి. 2002 నాటి టారిఫ్‌లో దీనికి ఐ.ఎం.టి. 24 అని పేరు, విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం. క్లెయిము చేసేముందు ఒక లెక్క వేసుకోండి. 1500 సి.సి. దాకా ఉన్న కారుకు మొదటి 1,000 రూపాయలు, అంతకు మించినదానికి 2,000 రూపాయలు మనమే భరించాలి. క్లెయిము చేస్తే వచ్చే ఏడు నో క్లెయిము బోనసు పోతుంది. అది 20 నుంచి 50 శాతం దాకా పెరుగుతూ వచ్చేది. చిన్న సెట్టుకు క్లెయిము చేసి పెద్ద బోనసు పోగొట్టుకున్నవాళ్ళను నేను ఎరుగుదును.

మళ్ళీ మా కథకు. దొంగతనం జరిగిన నెల తర్వాత మేం మెకానిక్ షెడ్డుకు వెళ్ళాం, బీడింగు వేయించడానికి. అక్కడ ఒకతను గోనెపట్టాలో చుట్టిన సెట్టు తెచ్చాడు. కొత్తదైతే నాలుగువేలకు పైన పలికే రకం. పన్నెండు వందలకు ఇస్తానన్నాడు. డబ్బా లేదు, బిల్లు లేదు. "బెంగుళూరులో మా బావమరిది కొత్తది వేయించుకున్నాడు, ఇది ఊడదీశాడు పెద్దాయనా" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నాకు ఆశ పుట్టింది. అప్పుడు నా జీతం ఎంతని! మన సెట్టు ఎవడో తీసుకుపోయాడు, ఇది ఎవరిదైతే మనకేం అన్న మాట కూడా మనసులో మెదిలింది. నాయన సెట్టు చేతిలోకి తీసుకుని ముందు చేసిన పని, క్యాసెట్టు దూర్చే మూతను వేలితో తోసి లోపలికి తొంగి చూడటం. లోపల ఏమీ లేదు. తర్వాత సెట్టు తిప్పి వీపు చూశారు. "ఏమప్పా, ఊడదీసినోడు తీగలు కోస్తాడా?" అన్నారు.

ఆ మాట అప్పుడు నాకు సరిగా అర్థం కాలేదు, మెకానిక్ తర్వాత చెప్పాడు. సొంతదారు సెట్టు మార్చుకుంటే వీపున ఉన్న గుబ్బను, అంటే తీగలన్నీ కలిసి దూరే ప్లాస్టిక్ ముక్కను, నొక్కి లాగుతారు. తీగలు చెక్కుచెదరవు. దొంగకు అంత తీరిక ఉండదు, లాగి కోసేస్తాడు. ఆ గోనెపట్టా సెట్టు వెనుక తీగలు జానెడు కూడా లేవు, మా డ్యాష్‌బోర్డులో వేలాడిన మొదళ్ళలాగే ఉన్నాయి. నాయన దాన్ని మళ్ళీ గోనెపట్టాలో చుట్టి అతని చేతికిచ్చేశారు. గట్టిగా ఒక మాట అనలేదు. దారి పొడుగునా నేను తల ఎత్తలేకపోయాను.

ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. గోడ వారన నిలిపింది నేనే, ప్యానెల్ తియ్యనిది నేనే. అవి నా అజాగ్రత్తలు. కానీ మా అవ్వ గొంతు పోవడానికి వాటికంటే ముందు కారణం, ఎక్కడో ఒక షెడ్డులో నాలాంటి బడిపంతులో బ్యాంకు గుమాస్తానో పన్నెండు వందలకు చవగ్గా వచ్చిందని జేబులో చెయ్యి పెట్టడం. ఆ రోజు నాయన పక్కన లేకపోతే ఆ చెయ్యి నాదే అయ్యేది. దొంగసొత్తు అని తెలిసి, లేదా అనుమానించడానికి కారణముండి కొన్నవాడికి కూడా మూడేళ్ళ దాకా శిక్ష ఉంది, కొత్త సంహితలో అది 317వ సెక్షను. పాత సెట్టు కొనడం తప్పు కాదు. అమ్మేవాడి పేరు, విలాసం రాయించుకోండి, తీగలు చూడండి, నంబరు స్టిక్కరు గీకేసి ఉందేమో చూడండి. బిల్లు అడిగితే కోపం తెచ్చుకునేవాడి దగ్గర మాత్రం కొనకండి.

ఇప్పుడు వచ్చే బండ్లలో సెట్టు కాస్తా పెద్ద తెర అయి డ్యాష్‌బోర్డులో కలిసిపోయింది. వాటిలో చాలావాటిని ఊడదీసి ఇంకో బండికి అతికించడం అంత సులువు కాదు. ఆ మేరకు దొంగకు పని తగ్గింది. కానీ పాత బండ్లకు బయట కొని బిగించుకునే తెరలు ఇప్పటికీ ఆ పాత కొలతల్లోనే వస్తున్నాయి. వాటికి నేను చెప్పిన జాగ్రత్తలన్నీ కావాలి. ఇంకొకటి కూడా. ఈ తెరలకు మనం ఫోను కలుపుతాం. అందులో మనవాళ్ళ నంబర్లు, ఇంటి దారి అన్నీ ఎక్కి కూర్చుంటాయి. తెర పోతే అవీ పోతాయి, పరాయివాడి చేతికి. బండి అమ్మేటప్పుడు, రిపేరుకు వదిలేటప్పుడు ఆ జాబితా చెరిపేసి ఇవ్వండి. తెర పోయిన రోజున ఫోనులోని ఖాతాల సంకేత పదాలు మార్చుకోండి.

2013లో మా మేనత్త డెంకణికోట నుంచి వచ్చి పది రోజులుంది. అవ్వ పాటల్లో ఆమెకు గుర్తున్నవి నాలుగు. నా ఫోనులో పాడించి దాచాను. ఈసారి అదే సాయంత్రం కాపీలు తీశాను. ఒకటి నా దగ్గర, ఒకటి తమ్ముడి దగ్గర, ఒకటి అత్త కొడుకు దగ్గర. నాయన విని, మూడో పాట దగ్గర చెయ్యి ఎత్తి ఆపమన్నారు. "అమ్మ ఇక్కడ ఊపిరి తీసుకునేది కాదు, తర్వాతి మాట దగ్గర తీసుకునేది" అన్నారు. అత్త మళ్ళీ పాడింది. మిగతా పాటలు ఇద్దరికీ గుర్తు రాలేదు.

మీ ఇళ్ళలో ఇలాంటి క్యాసెట్లు ఇంకా ఉంటే, దయచేసి ఈ వారమే వాటిని కాపీ చేయించండి. టేపు ఏళ్ళు గడిచేకొద్దీ దానంతటదే పాడవవచ్చు, దొంగ కూడా అక్కరలేదు.

ఆ మారుతి 800ను 2015లో అమ్మేశాం. ఇప్పుడున్న బండిలో సెట్టు తెర రూపంలో డ్యాష్‌బోర్డుకు అతుక్కుని ఉంది, ఊడదీయడానికి ప్యానెల్ అంటూ లేదు. నాయనకు ఎనభై దాటాయి. ఎక్కడైనా బండి నిలిపి, ఆయన చెయ్యి పట్టుకుని దింపుతుంటే ప్రతిసారీ అడుగుతారు, "ప్యానెల్ తీశావా?" అని.

"తీశాను నాయనా" అంటాను.